సైన్సుపట్నంలో ఏం కూర?

డాక్టర్ లచ్చిరాం గారు ఎవరెదురొచ్చినా "ఏం కూర?" అని అడిగేవారు. నమస్కారం ఉండదు, కులాసా ప్రశ్నలుండవు, వానా ఎండా ముచ్చట్లుండవు. నేరుగా కూరే. లిఫ్టులో అడిగేవారు. ప్రయోగశాలలో అడిగేవారు. మా ఆఫీసు గుమాస్తా పెళ్లిలో, తాళి చేతిలో పట్టుకుని వంగిన పెళ్లికొడుకును అడిగారు. ఆ అబ్బాయి తాళి అట్లాగే పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. పురోహితుడు గొంతు సవరించుకుని గుర్తుచేస్తే గానీ ముడి పడలేదు.

ఆయన పనీపాటా లేని మనిషి కాదు. రాళ్ల శాస్త్రంలో పెద్ద పేరున్నవారు. కేసముద్రం దగ్గరి తండాలో పుట్టి, దేశదేశాలు తిరిగి, బండరాయి లోపలి పగులును బయటి నుంచే కనిపెట్టే పద్ధతుల మీద పరిశోధన చేశారు. అలాంటి మనిషి సెమినార్‌కు అధ్యక్షత వహిస్తున్నాడంటే వక్తలు భయపడేవాళ్లు. ప్రసంగం అయిపోతుంది. చప్పట్లు పడతాయి. "అధ్యక్షుల వారి ప్రశ్న" అంటారు. ఆయన మైకు దగ్గరికి లాక్కుంటారు.

"మంచిగ చెప్పినవు బిడ్డా. పొద్దున ఏం కూర తిన్నవు?"

ఇదంతా ఏ పల్లెటూరి రచ్చబండ మీదో జరిగితే ఎవరికీ పట్టేది కాదు. జరిగింది మా నగరంలో. కొడకండ్ల అవతల, బండలూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ లేని గుట్టల మధ్య ప్రభుత్వం కొత్తగా కట్టించిన నగరం అది. కాగితాల మీద దాని పేరు విజ్ఞాన సాంస్కృతిక నగరం. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు సైన్సుపట్నం. ఒకవైపు ప్రయోగశాలలు, ఇంకోవైపు గ్రంథాలయం, మ్యూజియం, కళామందిరం, నడుమ మా క్వార్టర్లు. రోడ్లు గీత గీసినట్టుంటాయి. ఏ చెట్టు నీడ ఎక్కడ పడాలో కూడా ముందే అనుకుని నాటారు. మేధావులకు ఏకాంతం కావాలి గనుక ఏ ఇంటి తలుపూ ఇంకో ఇంటి తలుపుకు ఎదురుగా రాకుండా కట్టారు. అరుగుల్లేవు. సరుకుల బండి వచ్చి సంచులు గుమ్మంలో పెట్టి పోతుంది. అన్నీ ఆలోచించి కట్టారు గానీ, ఇద్దరు మనుషులు ఎక్కడ నిలబడి మాట్లాడుకోవాలో మాత్రం ఎవరికీ తట్టలేదు.

నేను చిల్పూర్ నుంచి కళామందిరం మేనేజరుగా వచ్చిన కొత్తలో, సాయంత్రాలు రోడ్డు మీద ఊరికే నిలబడేవాణ్ణి. ఎవరైనా అటుగా వస్తారేమోనని చూసేవాణ్ణి. ఒకరోజు నిజంగానే ఒకాయన వచ్చాడు. సెక్యూరిటీ గార్డు.

"ఏమన్న పోగొట్టుకున్నరా సార్?" అని అడిగాడు.

లేదని తల అడ్డంగా ఊపాను. లోపలికి వెళ్లిపోయాను.

మర్నాడు పక్క క్వార్టర్ నుంచి ఒక పెద్దాయన, పొట్టిగా, తెల్లటి మీసంతో, చేతిలో ఒక రాయి పట్టుకుని వచ్చారు.

"కొత్తగ వచ్చినవా?"

"అవును సార్. కళామందిరంల."

"ఏం కూర?"

"ఆలుగడ్డ సార్."

"ఎట్లయింది?"

"అడుగంటింది సార్. మా ఇంటామె ఫోన్‌ల మాట్లాడుకుంట మర్చిపోయింది."

ఆయన ముఖం వెలిగిపోయింది. "మంచిది, మంచిది" అని నా భుజం తట్టి వెళ్లిపోయారు. కూర మాడిందంటే సంతోషించిన మనిషిని చూడటం నాకదే మొదటిసారి.

తర్వాత అది రోజువారీ వ్యవహారమైంది. మా ఆవిడ స్వప్నకు పెద్ద పరేషాన్ పట్టుకుంది. "నిన్నటి పుంటికూర మిగిలింది. ఇయాల గదే పెడ్దామనుకుంటే, మీ సారు అడుగుతడు గదా, ఏం చెప్తవు?" అని కొత్తగా వంకాయ తరిగేది. ఒకరోజు విసుగొచ్చి నేను ఆయన కంటపడకుండా వెనక దోవన పోయాను. ఆయన అక్కడా ఉన్నారు. వెనక గోడ దగ్గర కూర్చుని రాయిని భూతద్దంలో చూస్తున్నారు. తల ఎత్తకుండానే అడిగారు.

"గోకరకాయ సార్" అన్నాను నీరసంగా.

"నార తీసిండ్రా?"

"సగమే తీసింది సార్. పండ్లల్ల ఇరికింది."

"శాన మంచిది" అన్నారు.

ఇంకోసారి జపాన్ నుంచి శాస్త్రవేత్తల బృందం వచ్చింది. అక్కడా ఇలాంటి నగరమే ఉందట, చాలా ఏళ్ల కిందటే కట్టారట. వరసగా నిలబడి అందరితో చేతులు కలుపుతున్నాం. బృందంలోని పెద్దాయనతో చెయ్యి కలిపే వంతు లచ్చిరాం గారికి వచ్చింది. ఆయన ఏమడుగుతారో తెలిసి దుబాసీ అమ్మాయి కళ్లతోనే వద్దని బతిమాలింది. ఆయన అడిగేశారు. అమ్మాయి సిగ్గుపడుతూ అనువదించింది. ఆ జపాన్ పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత మెల్లగా ఏదో చెప్పారు.

"బయల్దేరిన రోజు చేప వండుకున్నారట. ఉప్పు సరిపోలేదట. భార్య పోయినప్పటి నుంచి తనే వండుకుంటున్నారట" అంది అమ్మాయి.

లచ్చిరాం గారు ఆయన చెయ్యి వదల్లేదు. వెనక వరసంతా ఆగిపోయింది. కార్యక్రమం ఆలస్యమైంది. మా డైరెక్టర్ వాగ్దేవి గారికి కోపం వచ్చింది.

వాగ్దేవి గారిది కాకినాడ. కార్యదక్షురాలు. మర్నాడు ఆయన్ను తన గదికి పిలిపించారు. సాంస్కృతిక విభాగం తరఫున నన్నూ కూర్చోబెట్టారు.

"లచ్చిరాం గారూ, మీరంటే నాకెంతో గౌరవమండీ. కానీ ప్రపంచమంతా మన వైపు చూస్తోంది. ఎవరొచ్చినా కూరల గురించి అడగడమేంటండీ? హాయిగా గుడ్ మార్నింగ్ అనొచ్చు కదా?"

"గుడ్ మార్నింగ్ నేననను మేడం."

"ఎందుకనరు?"

ఆయన బల్ల మీదున్న పేపర్ వెయిట్‌ను తిప్పి చూసి, "గిది మన గుట్టల రాయి కాదు" అన్నారు. తర్వాత తల ఎత్తి, "మేడం, మీ ఇంట్ల ఇయాల ఏం కూర?" అన్నారు.

నేను కళ్లు మూసుకున్నాను.

"బెండకాయ వేపుడు" అన్నారు డైరెక్టర్ గారు, నోరు జారినట్టు. "అదీ... జిగురు వదిలితేగా! ఎంత వేయించినా సాగుతూనే ఉంది. ఈ ఊళ్లో బెండకాయలే అంత."

"మీరు మంచిగనే ఉన్నరు మేడం" అని ఆయన లేచి వెళ్లిపోయారు. డైరెక్టర్ గారు నా వైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను.

మా కళామందిరంలో శ్రీపాల్ అని ఒక శాస్త్రవేత్త ఉండేవాడు. ధ్వని మీద పని. ఏ గోడకు ఏ చెక్క వేస్తే పాట చివరి వరసకు చేరుతుందో చూడటం అతని ఉద్యోగం. నలభై దాటాయి, పెళ్లి చేసుకోలేదు. భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. తండ్రి పోయాక తల్లి పుష్పమ్మను ఇక్కడికే తెచ్చుకున్నాడు. ఆ అవ్వ గొంతు పెద్దది. ఆమె వంటింట్లో గిన్నెలతో పోట్లాడుతుంటే మూడో ఇంటికి వినిపించేది. ఎండాకాలం మొదట్లో ఆమె నిద్రలోనే పోయింది. శ్రీపాల్ ఊరికి తీసుకెళ్లి కర్మకాండలన్నీ చేసి వచ్చాడు. వచ్చిన మర్నాడే డ్యూటీకి హాజరయ్యాడు. ఇస్త్రీ చొక్కా, మర్యాద మాట, వేళకు పని. ఎట్లా ఉన్నావని అడిగితే "మంచిగున్న అన్న" అనేవాడు. మేమంతా నమ్మాం. ఉగాది సంగీతోత్సవం వాయిదాపడి అప్పుడే జరగబోతున్నందున మాకు ఊపిరి సలపని పని కూడా.

ఉత్సవం ముందురోజు మధ్యాహ్నం వేదిక మీద తివాచీలు పరిపిస్తున్నాను. లచ్చిరాం గారు వగరుస్తూ హాల్లోకి వచ్చారు. ఆయన నడవడమే గానీ పరుగెత్తడం నేను చూడలేదు.

"శ్రీపాల్ ఎక్కడ?"

"అన్నం తినొస్తనని ఇంటికి పోయిండు సార్."

"పద, పోదాం."

"సార్, రేపే ప్రోగ్రాం. తివాచీలు..."

"తివాచీలు యాడికి పోవు. పద."

దారిలో అడిగాను, ఏమైందని.

"పొద్దున అడిగిన, ఏం కూర అని. పప్పు అన్నడు. ఎట్లుంది అన్న. బాగుంది అన్నడు."

"బాగుంటే బాగుంది అంటడు గద సార్!"

ఆయన ఆగి నన్ను చూశారు. ఆ కళ్లల్లో హాస్యమనేది లేదు.

"సొంతంగ వండుకున్నోడు ఎన్నడన్న బాగుంది అన్నడా? ఉప్పెక్కువైందంటడు, ఉడకలేదంటడు, మాడిందంటడు. తిన్నోడు వంక పెడ్తడు. తిననోడే బాగుందంటడు. వీడు నిన్న బాగుంది అన్నడు. మొన్న బాగుంది అన్నడు. వేరే కూర అడుగుదామంటే పప్పు దాటి పోతలేడు. నాకు మొన్ననే అనుమానం రావాలె."

తలుపు తట్టాం. పలకలేదు. మళ్లీ తట్టాం. లోపల ఏదో పడిన చప్పుడైంది. కాసేపటికి గడియ తీసుకుంది. శ్రీపాల్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అదే ఇస్త్రీ చొక్కా. మమ్మల్ని చూసి నవ్వబోయాడు. "రండి సార్" అన్నాడు. మరుక్షణం మోకాళ్లు మడతపడి, గోడకు ఆనుకుంటూ కిందికి జారిపోయాడు.

లచ్చిరాం గారు తల ఒళ్లో పెట్టుకున్నారు. నీళ్ల కోసం నేను వంటింట్లోకి పరుగెత్తాను. అక్కడ చూసిందాన్ని ఇప్పటికీ మర్చిపోలేను. వంటిల్లు సర్దింది సర్దినట్టే ఉంది. గిన్నెలన్నీ బోర్లించి, వరసగా, దుమ్ము పట్టి ఉన్నాయి. పొయ్యి మీద సాలెపురుగు గూడు కట్టుకుంది. బియ్యం డబ్బా నిండుగా ఉంది. బల్ల మీద సగం తిన్న బిస్కెట్ పొట్లం.

జనగామ దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరమ్మ చూసి, సెలైన్ పెట్టించి, బయటికి వచ్చి మా ఇద్దరినీ కోప్పడింది. "గిన్నొద్దులు మీరందరు ఏం జేసిండ్రు? నెత్తురుల సత్తువ లేదు. ఇంకిట్లనే ఉండనిస్తే దక్కకపోతుండె." లచ్చిరాం గారు తల వంచుకుని విన్నారు. అంత పెద్ద శాస్త్రవేత్త, పాఠం అప్పజెప్పలేని పిల్లవాడిలా నిలబడ్డారు.

సాయంత్రానికి శ్రీపాల్ కళ్లు తెరిచాడు. లచ్చిరాం గారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అడిగారు.

"ఎందుకు బిడ్డా? వండుకోవస్తలేదా?"

"వస్తది సార్. అవ్వ నేర్పింది." గొంతు పీలగా ఉంది. "నా పనే సప్పుళ్లు వినుడు. అవ్వ ఉన్నప్పుడు వంటింట్ల నూరు సప్పుళ్లు ఉండె. ఊరికెల్లి వచ్చినంక పొయ్యి ముట్టించిన. గ్యాస్ సప్పుడొక్కటే వచ్చింది సార్. గదొక్కటే. ఇల్లంత గదే. వినలేక బంద్ జేసిన. మల్ల ముట్టియ్యబుద్ధి కాలే."

ఆయన అతని చేతిని రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చున్నారు.

భాగ్యక్క, అంటే లచ్చిరాం గారి భార్య, జొన్నరొట్టెలు మూట కట్టుకుని చివరి బస్సు తప్పిపోతే ఎవరి కారో ఆపి ఎక్కి వచ్చింది. నేను, ఆమె వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అప్పుడు అడిగాను.

"అక్కా, సారుకు గీ అలవాటు ఎప్పటి సంది?"

ఆమె రొట్టె తుంచి నా చేతిలో పెట్టి, తర్వాత మొదలుపెట్టింది.

"మేం వచ్చినప్పుడు సైన్సుపట్నంల సగం ఇండ్లు ఖాళీ. మా పక్కింట్ల, ఇప్పుడు మీరున్న ఇంట్లనే, ప్రేమ్‌చంద్ అని ఒక్కడే ఉంటుండె. లెక్కల సారు. మంచోడు, సిగ్గరి. మీ సారు అప్పట్ల అందరి లెక్కనే గుడ్ మార్నింగ్ అంటుండె. ఆయన గుడ్ మార్నింగ్ అంటుండె. రోజూ గంతే. ఒకపారి రెండు మూడొద్దులు కనవడలే. ఊరికి పోయిండనుకున్నం. తలుపులు ఎదురుబొదురు ఉంటే తెలుస్తుండె. లేకపాయె. చివరికి తలుపు పగలగొట్టిండ్రు..."

కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"గుండెపోటు అన్నరు. కానీ డాక్టర్ ఏమన్నడంటే, శాన దినాల సంది తిండి సరిగ లేదు, మనిషి ముందునుంచే కృశించిపోయిండు అన్నడు. మీ సారు ఇంటికొచ్చి గోడకానుకోని కూసున్నడు. 'భాగ్యా, గుడ్ మార్నింగ్ అంటే అవుతలోడు గుడ్ మార్నింగే అంటడు. అండ్ల మనిషి దొరకడు' అన్నడు. తెల్లారి పొద్దున తోవల ఎవలు కనవడ్డా ఏం కూర అని అడుగుడు షురూ చేసిండు. నవ్విండ్రు. పిచ్చి లేచిందన్నరు. నేనే అన్న ఒకపారి, పెద్దమనిషివి, నలుగురు నవ్వుతున్నరు అని. 'నవ్వుతే నవ్వనియ్యి, తిన్నోళ్లకే నవ్వొస్తది' అన్నడు."

నేను రొట్టె చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాను. లోపల మంచం దగ్గర ఆయన స్టూలు మీదే కునుకు తీస్తున్నారు, శ్రీపాల్ చెయ్యి వదలకుండా.

ఉత్సవం మేం లేకుండానే జరిగింది. వాగ్దేవి గారు దగ్గరుండి తివాచీలు పరిపించారని తర్వాత తెలిసింది. మర్నాడు ఆమె దవాఖానకు వచ్చారు. నేను విన్నదంతా చెప్పాను. ఆమె "నేనా మనిషికి గుడ్ మార్నింగ్ నేర్పబోయాను" అన్నారు మెల్లగా.

కోలుకున్న శ్రీపాల్‌ను క్వార్టర్‌కు పంపడానికి లచ్చిరాం గారు ఒప్పుకోలేదు. సెలవు పెట్టించి, తనూ పెట్టి, కేసముద్రం దగ్గరి తండాకు తీసుకుపోయారు. అక్కడ ఆయన తల్లి సోమ్లీ ఉంది. తొంభై దగ్గర పడుతున్నా కర్ర లేకుండా నడిచే మనిషి. ఆదివారం నేను చూడటానికి వెళ్లాను. వాకిట్లో ముగ్గురు నలుగురు ఆడవాళ్లు జొన్నలు చెరుగుతూ తమ భాషలో పాడుతున్నారు. చేటల చప్పుడు, గాజుల చప్పుడు, మేకల అరుపులు. మధ్యలో శ్రీపాల్ చెవి ఒగ్గి కూర్చున్నాడు. ముఖంలో రంగు వచ్చింది.

"అన్నా" అన్నాడు నన్ను చూసి. "గీ పాటను మన హాల్ల వినాలె. మైక్ లేకుంట. నేను గోడలు సదురుత. ఆఖరి వరసల కూసున్నోనికి గాజుల సప్పుడు గూడ వినవడాలె."

అతను ఏదైనా కావాలని అడగగా వినడం అదే మొదలు. వెంటనే డైరెక్టర్ గారికి ఫోన్ చేశాను. ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఒప్పుకున్నారు.

వానలు పడే ముందు ఆ సభ జరిగింది. శ్రీపాల్ చెక్క పలకలు విప్పి, మళ్లీ బిగించి, హాలంతా తిరిగి చప్పట్లు కొట్టి చూసుకున్నాడు. తండా నుంచి ఆడవాళ్లు అద్దాల రైకలతో, వెడల్పు గాజులతో ఆటోల్లో దిగారు. ముందు సోమ్లీ అవ్వ. సైన్సుపట్నం మొత్తం వచ్చింది. అలవాటు ప్రకారం మనిషికీ మనిషికీ నడుమ ఒక కుర్చీ వదిలి కూర్చున్నారు. నేను సైగ చేశాను. హాల్లో దీపాలన్నీ ఆరి, వేదిక మీద మాత్రమే వెలుగు మిగిలింది.

పాట మొదలైంది. రెండు వరసలు పాడి సోమ్లీ అవ్వ ఆపేసింది. చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చీకట్లోకి చూసింది.

"ఎవలకు పాడుతున్నం? ఒక్క మొకం కనవడ్తలేదు. లైట్లెయ్యిండి!"

మొదటి వరసలోంచి లచ్చిరాం గారు లేచారు. "యాడీ, ఇక్కడ గట్లనే ఉంటది. నువ్వు పాడు."

యాడీ అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ యాడీ కొడుకు మాట చెవిన పెట్టలేదు.

"చీకట్ల పాడనీకె నేనేమన్న నక్కనా? లైట్లెయ్యమను. పాట వినేటోని మొకం చూడకుంట నేను ఎన్నడు పాడలే."

కరెంటు అతను నా వైపు చూశాడు. నేను డైరెక్టర్ గారి వైపు చూశాను. ఆమె నవ్వుతూ తలూపారు. హాల్లో దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి.

అప్పుడు జరిగింది చిన్న సంగతే. ఆ వెలుగులో అందరం కళ్లు చికిలించి అటూ ఇటూ చూసుకున్నాం. ఏళ్లుగా ఒకే వీధిలో ఉన్నవాళ్లం. నా పక్క ఖాళీ కుర్చీకి అవతల కూర్చున్నాయన ఇబ్బందిగా నవ్వి, "మీ ఇంటి వెనకాల ఇల్లే నాది" అన్నాడు. అని, నడుమ కుర్చీలోకి జరిగాడు. ముందు వరసల్లో కూడా కుర్చీల కిర్రు వినిపించింది. ఎవరూ చెప్పకుండానే జనం దగ్గరికి జరుగుతున్నారు. సోమ్లీ అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని, పెళ్లిలో బంతి సర్దే పెద్దమనిషిలా, అందరూ కుదురుకునేదాకా ఆగింది.

"ఆఁ. గిప్పుడు మనుషులున్నట్టుంది" అని పాట ఎత్తుకుంది.

శ్రీపాల్ చివరి వరస వెనక గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. గాజుల చప్పుడు అక్కడిదాకా వచ్చింది.

పాట ఊపందుకునేసరికి లచ్చిరాం గారికి ఆగలేదు. పెద్దగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. పాట ఒక దారి, ఆయన చప్పట్లు ఒక దారి. సోమ్లీ అవ్వ పాడుతూనే కొడుకును ఉరిమి చూసింది. ఆయన వినిపించుకోలేదు. ఆమె వేదిక అంచుకు వచ్చి, పాట ఆపకుండానే, వేలు చూపించి బెదిరించింది. రాళ్ల శాస్త్రవేత్త డాక్టర్ లచ్చిరాం గారు ఠక్కున రెండు చేతులూ తొడల కింద దాచుకుని, బుద్ధిమంతుడిలా కూర్చున్నారు. పక్కన భాగ్యక్క కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు కదిలేలా నవ్వుతోంది.